పై పెదవి

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టుకి ఎదురుగా
మెట్లెక్కితే నా పార్లరు.
కింద వేలంపాట. పైన నా పళ్ళ మధ్య దారం.
ఐబ్రోస్ నలభై, అప్పర్ లిప్ ఇరవై.
అద్దం కింద సొరుగులో మా తాత పొది:
అరిగిన కత్తి, నూరుడు రాయి, సొట్టపడ్డ ఇత్తడి గిన్నె.

మాలకొండయ్య చేతికి ఊళ్ళో ప్రతి మొహం తెలుసు.
మశూచి ఏ ఇంటికి ఎప్పుడొచ్చిందో
వేళ్ళతో చదివి చెప్పేవాడు.
సైదాపురం గనుల నుంచి వారానికోసారి దిగే కూలోళ్ళ గడ్డాల్లో
అభ్రకం ఇరుక్కుని ఉండేదట.
"గిన్నెలో వెన్నెల వదిలి పొయ్యేవాళ్ళమ్మే" అనేవాడు.
ఆ వెన్నెలే వాళ్ళ ఊపిరితిత్తుల్లో
ఏం చేసిందో కూడా ఆయనే చెప్పాడు.

ప్రతి మొహం అన్నాను కదా,
చర్చి వీధి మొహాలు తప్ప.
వాళ్ళని వాళ్ళే గొరుక్కునేవాళ్ళు.
ఇది తాత చెప్పలేదు. నేనే లెక్కేసుకున్నాను.

మునసబు మీసం పైకి.
కరణానిది సన్నగా, పద్దు కింద గీత గీసినట్టు.
కాడి పట్టేవాడిది నేల చూడాలి.
తాతకి అసలు లేదు,
పెద్దిల్లు తొక్కే మంగలికి మీసమేందని.
గడ్డానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలా.
పెళ్ళాం పోయినోడికి, పెళ్ళాం నిండు నెలల్లో ఉన్నోడికి,
పొగాకు తడిసి మట్టయినోడికి.
కష్టం ఎవరైనా పడొచ్చు.

ఒక ఎండాకాలం పట్టాళం నుంచి దానియేలు దిగాడు.
ట్రంకుపెట్టె, రేడియో,
కొసలు రెండూ పైకి లేచిన మీసం.
బస్సు దిగి నడివీధిలోనే నడిచాడు.
మూడో రోజు తాతకి కబురొచ్చింది,
పొది తీసుకుని చావడి దగ్గరికి రమ్మని.

మిట్టమధ్యాహ్నం. చుట్టూ జనం.
ఆ కత్తి చర్చి వీధి చర్మాన్ని తాకడం
అదే మొదలు.
తాత చెయ్యి వణికి నీళ్ళు చల్లడం మరిచాడట.
దానియేలే అన్నాడు,
"తడుపు మామా, మండుద్ది."
ఇంకేమీ అనలేదు.
సాయంత్రం మునసబు కొత్త కత్తికి డబ్బులిచ్చాడు.
తాత తీసుకున్నాడు.
అదీ చెప్పాడు, పోయే ముందు వారం.

ఇప్పుడు మునసబు మునిమనవడు
గడ్డానికి సీసాల్లో నూనె తెప్పించుకుంటాడు.
కింద నిమ్మకాయ బస్తాలు మోసే చెంచురామయ్య కొడుకూ
అదే గడ్డం, అదే నూనె.
కార్తీకంలో అయ్యప్ప మాల పడితే
ఎవరి మొహం ఎవరిదో నాకే తెలీదు.
నలభై ఒక్క రోజులు అందరూ స్వామే.
ఆ మర్నాడు సెలూన్లో క్యూ.
గడ్డం కింద ఎవరి ఇంటి పేరు వాళ్ళకి
భద్రంగా దొరుకుతుంది.

మొన్న మంగళవారం ఒక పిల్ల వచ్చింది.
షారోన్. మండలాఫీసులో కొత్తగా చేరిందట.
తల వెనక్కి వాల్చి, "అప్పర్ లిప్ అక్కా" అంది.
"ఏ ఊరమ్మా?"
"ఈ ఊరే. మిలిటరీ దానియేలు మనవరాల్ని."

దారం పళ్ళలోనే ఆగింది.
ఆ ఇంటి పై పెదవి మీదికి
మా ఇంటి చెయ్యి, రెండోసారి.
దారం తీసి చెప్పాను. సగం సగం, తడబడుతూ.
తను కళ్ళు తెరవలేదు.
"తెలుసక్కా. తాత మళ్ళీ పెంచాడు.
పోయేదాకా వేరే చెయ్యి తగలనీలా."
కాసేపాగి,
"నాది నేనే తీయించుకుంటున్నాగా" అంది.

నువ్వేనా, అని అడగబోయాను.
ఆఫీసులో ఎవడో ఏదో అనే ఉంటాడు.
అడగలేదు.
గోడ మీద ఆ రేటు రాసింది నేనే కదా.

దారానికి తడి పనికిరాదు, పౌడరే వేయాలి.
ఇరవయ్యేళ్ళ పనిలో ఆ మాత్రం తెలుసు.
అయినా
దూది నీళ్ళలో ముంచి
ముందు తడిపాను.