వెంట్రుకవాసి

"నెలకి నలభై ఎనిమిది డాలర్లా,
వారానికోసారి మోగే ఫోనుకి?"
అన్నది నేనే. పెట్టె తెచ్చిందీ నేనే.
అరచెయ్యంత నల్ల పెట్టె, మూడు పచ్చ దీపాలు,
ఇంటర్నెట్‌లోకి దూరే తోక ఒకటి.
నంబరు మారదు, ఫోనూ మారదు, బిల్లు పన్నెండుకి దిగుతుంది.

ఒనెజీమ్ మావయ్య అడ్డు చెప్పలేదు.
ఫారం నింపుతూ పైకి చదివాను:
"ప్రమాదంలో ఫోన్ చేస్తే మీరెక్కడున్నట్టు రాసుకోమంటారు?"
"వంటింట్లో," అన్నాడు.
"లాబ్‌స్టర్ల కాలం కాకపోతే వంటింట్లోనే."

కంపెనీ కుర్రాడొచ్చి స్తంభం దగ్గర రాగితీగ కత్తిరించాడు.
మావయ్య ఒక మూర అడిగి తీసుకుని
లాబ్‌స్టర్ బోను మూతకి కట్టుకున్నాడు.

ఆ ఫోను మాట్లాడ్డానికి కాదని
నాకు తట్టాల్సింది. చిన్నప్పట్నించీ చూస్తున్నదే.
సాయంత్రం గిన్నెలు కడిగాక
రిసీవరెత్తి కిటికీ గట్టుమీద వెల్లకిలా పడుకోబెట్టేవాడు.
ఊఁ... అని మొదలయ్యేది.
ఆ ఊఁకి ఫిడేలు రెండో తీగని కట్టేవాడు.
గడ్డం కింద చెక్క, పళ్ళ మధ్య ఆరిన పైపు,
బిరడా ఒక పిసరు అటు, అర పిసరు ఇటు.
ఇరవై సెకన్లే గడువు. దాటితే
ఎక్స్ఛేంజీకి కోపమొచ్చి కీచుమనేది.
"క్షమించు డెలీమా" అని పెట్టేసి మళ్ళీ ఎత్తేవాడు.
డెలీమా ఒకప్పటి ఆపరేటరు.
ఆమె పోయి ముప్పై ఏళ్ళు.

కొత్త పెట్టె కూడా ఊఁ అంది.
అచ్చం అదే ఊఁ.
మావయ్య తీగ బిగించబోయి ఆగాడు.
"ఇదెక్కణ్ణించి వస్తోంది?"
"పెట్టెలోంచే."
"మరి పాతది?"
"చర్చి పక్క ఇటుకల గదిలోంచి. మూడు మైళ్ళు, తీగ మీద."
"అయితే ఇది ఎదురుగా కూచుని ఊఁ కొడుతోందన్నమాట,
ఏమీ వినకుండానే."

నవంబరులో సుయెత్ వచ్చింది.
కొండ మీంచి సముద్రంలోకి తోసే గాలి, మా షెటికాంకి సొంతం.
టోపీలు కాదు, ఇంటి కప్పులు ఎగరేసుకుపోతుంది.
కరెంటు పోయింది. మూడు పచ్చ దీపాలూ పోయాయి.
పాత ఫోను ఇలాంటి రాత్రుల్లో ఎప్పుడూ పోలేదు;
దాని అన్నం అది తీగలోనే తెచ్చుకునేది.
మా ఇంట్లోంచి సెల్‌తో చేశాను.
నేను రికార్డు చేసి పెట్టిన నా గొంతే ఎత్తింది:
"ఒనెజీమ్ ఇంట్లో లేరు. ఏదైనా చెప్పాలంటే చెప్పండి."
మావయ్య ఇంట్లో లేడని
నాకు నేనే చెబుతుంటే నాలుగుసార్లు విన్నాను.

తెల్లారాక విరిగిన స్ప్రూస్ కొమ్మలు దాటుకుంటూ వెళ్తే
కట్టెల పొయ్యి పక్కన, కోటు విప్పకుండానే,
వాయిస్తున్నాడు.
"శ్రుతి ఎవరిచ్చారు?"
"ఎవరిస్తారు? గుర్తున్నదాంతో సరిపెట్టుకున్నా."
నా సెల్‌లో శ్రుతి చూపించే ముల్లుంది.
బల్ల కింద దాచి చూశాను.
వెంట్రుకవాసి తక్కువ.
చెప్పలేదు.

మూడోరోజు కరెంటొచ్చింది, పెట్టెకి ప్రాణమొచ్చింది.
మావయ్య మాత్రం మళ్ళీ రిసీవరు పడుకోబెట్టలేదు.

శనివారం పారిష్ హాల్లో, చేపల పులుసు తిన్నాక,
గిటారు ఫ్లోరియాన్ ఓసారి మావయ్య వంక చూసి
ఏమీ అనకుండా ఆరు తీగలూ దించుకున్నాడు.
రెండో ఫిడేలు అమ్మాయీ దించుకుంది.
బూట్లు నేలని తన్నడం మొదలుపెట్టాయి.

పియానోని దించడానికుండదు.
పియానో ముందున్నది నేను.
ఆ రాత్రంతా సరైన శ్రుతిలో
తప్పుగా వాయించాను.