గేజి రాయి లేని నీళ్ళు

ముప్ఫై నాలుగేళ్ళు లాకు తలుపులు తిప్పినవాణ్ణి.
నీళ్ళంటే నాకు అడుగులూ అంగుళాలూ,
పొద్దున్నే గేజి రాయి చూసి
నోటుబుక్కులో వేసే అంకె.

మా లంకల్లో నీళ్ళు దూకవు.
నడుస్తాయి. అదీ
అరటిగెల మోసే మనిషిలా
అడుగు చూసుకుని.
తూరలో దూరి, బోదెలో సాగి
వరి మొదళ్ళ దగ్గర చతికిలబడతాయి.

కార్తీకంలో ఏసుపాదం వాళ్ళ వ్యానులో
ఇద్దరికి చోటుందంటే
పల్లాలమ్మా నేనూ కొండలకెళ్ళాం.
ఘాటీలో చెవులు మూసుకుపోయాయి.
పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని
మలుపు మలుపుకీ మావుళ్ళమ్మని పిలిచింది ఆవిడ.

పార్కు గేటు దగ్గర మనిషికి ఇరవై.
ఆపైన మెట్లు, లెక్క తప్పేటన్ని.
కనపడకముందే వినపడింది.
గట్టు తెగిన రాత్రి విన్న చప్పుడే.
నా చేతులు వాటంతటవే
ఇనప చక్రం కోసం తడుముకున్నాయి.

తలెత్తాను. టోపీ పడిపోయింది.
కొండ నెత్తిన ఒకటే నీరు,
మూడుచోట్ల విరిగి,
విరిగినచోటల్లా పొగై,
కింద బండల మీద మళ్ళీ నీరై
ఏమీ జరగనట్టు పోతోంది.
రాతి మీద గీతల కోసం చూశాను.
నాచు తప్ప ఏ అంకే లేదు.

"రాత్రిళ్ళు దీన్నెవరు కడతారు బాబూ?"
కాపలా కుర్రాడు బొజ్జిరెడ్డి నవ్వాడు.
నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.
"ఎవరూ కట్టరండి. ఎండల్లో అదే సన్నబడతాది."

ఈలోగా పల్లాలమ్మ
కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళకింద నిలబడింది.
ఇన్నేళ్ళలో పక్కింటికి వినపడేలా
ఒక్క మాటా అనని మనిషి,
నోరంతా తెరిచి
నాకేసి చూస్తూ ఏదో అరిచింది.
చాలాసేపు అరిచింది.
ఆ హోరులో ఒక్క ముక్క అందలేదు.
వ్యానెక్కాక అడిగితే
తల తుడుచుకుంటూ
"చలేస్తోంది, కిటికీ వెయ్యి" అంది.

మర్నాడు డ్యూటీలో
షట్టరు ఒక చుట్టు ఎక్కువ తిప్పాను.
మూడడుగుల ఎత్తునుంచి నీళ్ళు
కాస్త గట్టిగానే పడ్డాయి.
పుస్తకంలో మాత్రం మామూలు అంకే వేశాను,
నా సర్వీసులో మొదటి దొంగలెక్క.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చింది.
"ఇప్పుడు చెప్పు, అక్కడేమన్నావో."
వంతెన మీంచి వంగి చూసింది.
చెవి ఒగ్గి విన్నది కూడా.
"ఈ చప్పుడు చాలదు" అని
క్యారేజీ గిన్నెలు విడదీసింది.