కంటిలో చుక్క

హుబ్లీ ప్యాసింజర్లో రేకుపెట్టె దిగేది గుంతకల్లుకు.
దానికి రెండ్రోజుల ముందే
పోస్టులో ఒక ఫోటో, అరచేయంత.
దాన్ని ఇరవై అడుగుల గుడ్డ మీదికి పెంచాల
పెన్నోబులేసు మామ.
నా పని సఫేదాలో అవిసెనూనె కలపడం,
నిచ్చెన పట్టుకోవడం,
హిందీకి అర్థం చెప్పడం.

నాకు హిందీ రాదు.
మాబాషా అని పేరుంది కాబట్టి వస్తుందనుకున్నాడు.
దూదేకులోళ్ల ఇంట్లో తిట్లు కూడా తెలుగులోనే అని
చెప్పడానికి సిగ్గేసి
నోటికొచ్చింది చెప్పేవాణ్ని.

నిహాల్ దురానీ మొకం, వామన్ నాడ్గిర్ తీసిన బొమ్మ.
మొదటిది మూడు రోజులకే ఎత్తేశారు.
రెండోది పదకొండు వారాలు.
ఆ మీదట లోకోషెడ్డు వాళ్లెవరూ
ఆ రెండు పేర్లను విడిగా అడగలేదు,
ఉగ్గాని అంటే బజ్జీ కూడా వచ్చినట్టే.

దవడ కింద నీడ, మెడ మీద నరం, అన్నీ అయినాక
కళ్లు చివరికి.
బీడీ ఆర్పి
సన్న కుంచె కొసతో ఒక్కో కంట్లో ఒక తెల్లచుక్క.
"చుక్క యాడ పెడితే ఆడికి పోతాది రా చూపు.
తక్కిన హీరోలు మనల్ని చూస్తారు.
ఈ అబ్బోడు మనల్ని లెక్కే చేయడు.
కెమెరా పక్కన, ఎడం తట్టు, ఎవరో నిలబడుండారు.
సరిపోయిందా అని వాణ్ని అడుగుతాండాడు."

నాడ్గిర్ ఎట్లుంటాడో మేమెన్నడూ చూళ్లేదు.
ఎత్తు మాత్రం మామకు తెలుసు.
"పొట్టోడే. చూపు కిందికి దిగుతాంది చూడు."

ఆరు బొమ్మలు.
నాలుగోదానికి చెంపల దగ్గర సఫేదా ఎక్కువ కలపమన్నాడు.
ఐదోదానికి కళ్ల కింద కొంచెం ఊదా.
చుక్క మాత్రం జరగలేదు.

ఎందుకు చెడిందో తెలీదు.
డబ్బులన్నారు, ఒక ఆడమనిషన్నారు,
ఒక్క డైలాగు కాడ మాట పెరిగిందని
టికెట్ కలెక్టర్ రంగోజీరావు ఒట్టేసి చెప్పాడు.
నిహాల్ వేరేవాళ్లతో చేశాడు. ఫోటో వచ్చింది.
మామ నిచ్చెన మీద కుంచె పట్టుకుని అట్లే ఉన్నాడు,
రంగు కొసన ఎండేదాకా.
కింద మేనేజరు అరుస్తున్నాడు.
"యాడ పెట్టాల్నో తెలీడం ల్యా రా" అని
నడిమధ్యలో పెట్టి దిగాడు.
బాగా కుదిరింది, మనల్నే చూస్తాండాడు, అన్నారు అందరూ.
మామ డబ్బులు తీసుకున్నాడు.
మూలలో పేరు రాయలేదు.

తొమ్మిదేండ్లకు మళ్లీ కలిశారు వాళ్లిద్దరూ.
అప్పటికి అనంతపురం నుంచి ఫ్లెక్సీ చుట్టుకొని వస్తోంది.
ఎవరు చేశారో అని మామ మూలలో వెదికాడు.
ప్రెస్సు ఫోన్ నంబరుంది.

టికెట్టు కొని చూసిన బొమ్మ అదొక్కటే మాకు.
హాల్లో పద్దెనిమిది మంది, ఫ్యాన్లు తిరగని మధ్యాహ్నం.
ఆఖరున నిహాల్ నులకమంచం మీద కూర్చుంటాడు,
ముసలాడు.
చెప్పాల్సిన మాటలైపోయాయి.
ఐనా బొమ్మ కదలదు.
రీలు ఇరుక్కుందేమో అని వెనక ఎవరో ఈలేశారు.
అప్పుడు తిరిగాయి కళ్లు
ఎడం తట్టుకు, కొంచెం కిందికి.

మామ నా మోచేయి పట్టుకున్నాడు.
"అర్థమేం రా?"
అక్కడ మాటే లేదు.
"మామా, నాకు హిందీ రాదు."
"తెలుసులే.
ఆ పొట్టోడు కట్ అనాల గదా, అనడంల్యా.
అనబుద్ధి కావడంల్యా."

బయట ఇంకా ఎండ.
కిళ్లీకొట్టులో సున్నం వేలికొసన తీసుకుని
ఫ్లెక్సీ దగ్గర నా భుజమెక్కాడు, డెబ్భయ్యేండ్ల మనిషి.
కుడి కంటికి అందింది.
ఎడమ కంటికి అందలేదు.