ఏడు పోగులు

కొండదారి మూసేశారని రేడియో చెప్పింది.
కేటిల్ రక్షకదళం కోటు తొడుక్కుని
సగం తాగిన కాఫీ కిటికీలో వదిలేసి
మంచులో దిగబడిన ఎవరి కారునో వెతకడానికి పోయాడు.
ఐస్‌లాండులో ఈ మూల ఊళ్ళో
ఫిబ్రవరి అంటే ఇంతే.

వంటింట్లో నేనూ, హ్లీనుర్.
వాడికి తొమ్మిదేళ్ళు. నన్ను పేరు పెట్టి పిలుస్తాడు,
అదీ ఉప్పు కావలసినప్పుడు.

బల్ల మీద పారాకార్డు చుట్టలు రెండు,
రేవు దగ్గర కొట్లో కొన్నవి,
నలుపొకటి, నారింజొకటి.
"నాన్నకి కంకణం చెయ్యాలి" అన్నాడు.
నాతో కాదు, తాడుతో.

కొలత?
వాడు కళ్ళు మూసుకుని
గాలిలో వేళ్ళతో సున్నా చుట్టాడు.
నేనూ చుట్టాను.
రెండు సున్నాలూ దాదాపు ఒకటే.
ఆ సంగతి ఇద్దరం పైకి అనలేదు.

తాడు కోస్తే లోపల తెల్లగా
ఏడు సన్నటి దారాలు.
"ఇవేంటి?"
పోగులు అనబోయి పేగులు అన్నాను.
వాడు నవ్వాడు, చాలాసేపు,
అది నవ్వవలసిన మాటేనా అని నాకు అనుమానం వచ్చేదాకా.
నా పేగు తెంచుకుని పుట్టినవాడు కాడు.
వాడి చెయ్యి పట్టుకుని
లైటరు మంటకి కొసలు కరిగించాను.
కాలిన నైలాను వాసన
పొయ్యి మీది చేపల వాసనని మింగేసింది.

ఎడమ తాడు మధ్య తాళ్ళ మీంచి,
కుడి తాడు దాని మీంచి దిగి, వెనక నుంచి వెళ్ళి
ఎడమ ఉచ్చులోంచి పైకి. లాగు.
ఈసారి కుడి నుంచి మొదలు.
ఇంతే విద్య.
మా మేనమామ వలలు బాగుచేసే షెడ్డులో
చేతులు చలికి పగిలి రక్తమొచ్చాక
నాకు ఒంటబట్టింది.

వాడు ప్రతిసారీ ఎడమ నుంచే మొదలుపెట్టాడు.
పది ముళ్ళకల్లా పట్టీ అలిగి
మెలి తిరిగి కూచుంది.
నా చేతులు లాక్కోబోయాయి.
వాటిని తొడల కింద పెట్టుకుని కూచున్నాను.
విప్పాడు. మళ్ళీ వేశాడు. విప్పాడు.
ఒకసారి గోడకేసి కొట్టాడు కూడా.
బయట గాలి కిటికీ రేకుని పీకుతూనే ఉంది,
ఫోను మోగనే లేదు.

తెల్లవారుజామున కేటిల్ వచ్చేసరికి
బల్ల మీద తలపెట్టి నిద్రపోయాడు,
పిడికిట్లో వంకరటింకర కంకణం.
కేటిల్ తొడుక్కున్నాడు. సరిగ్గా పట్టింది.

మార్చి నెలలో ఒక రాత్రి
అతను ఉత్త మణికట్టుతో ఇంటికొచ్చాడు.
స్ట్రెచరు పట్టీ తెగిందట, కొండ చరియ మీద.
జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు
నూనె మరకల, ముడతల తాడు,
ఒక కొస తెగి, పేగులు బయటపడి.

"పాడుచేశావు" అన్నాడు హ్లీనుర్.
పెదవి వణికింది.
కేటిల్ కి ఏం చెప్పాలో తెలియక
బూట్ల లేసులు విప్పుకుంటూ ఉండిపోయాడు.
నాకూ తెలియలేదు. పప్పుగరిటె కడిగాను,
కడిగిందే కడిగాను.
విప్పడం కోసమే అల్లుతారు దీన్ని అని
చెబుదామనుకున్నాను గానీ
తొమ్మిదేళ్ళవాడితో అనవలసిన మాటేనా అది?

మర్నాడు బడి నుంచి వచ్చి
వాడే ఆ తాడు తీసుకున్నాడు.
ఎంత లాగినా ముడతలు పోలేదు,
ఎక్కడెక్కడ ముడి పడిందో దానికి గుర్తే.
నేను చేప ముళ్ళు తీస్తున్నాను.
చెప్పకుండా చెయ్యకుండా
తడి చెయ్యి లాక్కుని
మణికట్టు చుట్టూ తాడు తిప్పి చూశాడు.

"నీది సన్నం. తాడు మిగులుతుంది."
మిగిలితే మిగలనీ అన్నాను.

మొదటి ముడి
ఎడమ నుంచి వేశాడు.
రెండోదీ ఎడమ నుంచే.
నేను చూడనట్టు
చేప వైపు తిరిగాను.