మూడో వరస

పదేళ్ళుగా జర్మనీ నుంచి లీబ్‌మన్ దొర
మా నరసాపురం లేసు కంపెనీకి రాసేవన్నీ తిట్లే.
మూడో వరస వదులు, రేకు వంకర,
పెట్టెలో ఎండుచేపల వాసన.
గుమస్తా పుల్లేశ్వర్రావు చదివి వినిపిస్తే
నవ్వుకుంటూ ముళ్ళు విప్పేవాళ్ళం.

ముప్ఫై తొమ్మిది మాఘంలో వచ్చినదాంట్లో
ఒక్క తప్పూ ఎన్నలేదు.
కొట్టు ఇప్పుడు తనది కాదట.
ఇక్కడ లెక్కలు రాసిపెడతాడట,
ఆవిడ కుట్లు లెక్కపెడుతుందట,
పిల్ల పియానో వాయిస్తుందట,
తిండి పెద్దగా తినరట.
ఆ ముక్క దగ్గర పుల్లేశ్వర్రావు
కళ్ళజోడు తీసేశాడు.

"యూదులంటే ఎవరే?" అంది మంగాయమ్మ.
"బైబిల్లో వాళ్ళే" అంది ఎస్తేరు,
"మళ్ళీ బయల్దేరమన్నారు కాబోలు."

జామీను కాయితం తెమ్మంది ఏలూరు.
ఏలూరు కాయితం చాలదంది మద్రాసు.
మనిషికి మూడేసి ఫోటోలు,
చేతిలో ఎంత సొమ్ముందో రుజువు.
ఈలోగా వశిష్ఠకి ఎర్రనీరొచ్చింది, తీసింది.

మేం రాసిన జవాబు మాకే తిరిగొచ్చింది.
కవరు మీద నీలం పెన్సిలుతో
పుల్లేశ్వర్రావుకీ అందని రెండు మాటలు.

ఆఖరి ఆర్డరు, పన్నెండుమంది కూర్చునే బల్లగుడ్డ,
నా ట్రంకుపెట్టెలోనే ఉంది.
మూడో వరస వదులే, నాకూ తెలుసు.
ఎవరన్నా తిడితే బాగుణ్ణు.