మూడు గదుల లాకు

ఆ ఫిలిం కొంచెం ఎత్తి పట్టండి డాక్టరుగారూ.
నడుమ సీతాకోకలా ఆ నల్లమచ్చ ఏంటండి?
నీరా?
ఉత్త నీరేనంటారా, ఇంకేమీ ఉండదా?

ముప్ఫై ఆరేళ్లు లాకు లస్కర్నండి నేను.
ఉత్త నీరన్న మాట నా చెవికెక్కదు.

నరసాపురం కాలవలో పడవలు తిరిగిన రోజులు.
ధాన్యం పడవ మీద హకీం మస్తాన్ సాహెబు వచ్చేవాడు,
సీసాల పెట్టె, చిరుగుల గొడుగు, ముక్కు నిండా నశ్యం.
పడవ లాకులో చేరి నీరెక్కేదాకా
గట్టున గొంతుక్కూచుని
గొడుగు మొనతో ఇసకలో మనిషి తల గీసేవాడు.
తలలో మూడు గదులు.

"ముందుగది తడి, పాలయ్యా.
కళ్లూ చెవులూ మోసుకొచ్చిన సరుకంతా
ముందు ఆ రేవులోనే దిగుద్ది.
అచ్చు ఇట్టే పడుద్ది, ఇట్టే చెరుగుద్ది.
నడిమిగది వేడి. తూకాలూ తగువులూ అక్కడ.
వెనకగది పొడి. విత్తనాల గాదె అనుకో."

నడిమిగదికీ వెనకగదికీ మధ్య
వానపాములాంటి తలుపుంటుందట,
ముడుచుకుంటా, సాగుతా.
ఆలోచించేవాడు తల దించుతాడు, తలుపు పడుద్ది.
గుర్తు తెచ్చుకునేవాడు తలెత్తుతాడు, తలుపు లేస్తుంది.
"నీ ఉద్యోగమేనయ్యా! జీతం లేదు, అంతే."

పక్కనే ఆయుర్వేదం సోమయాజులుగారు
పంచె ఎగ్గట్టి లేచేవారు:
"మనసుండేది గుండెలో! తలకాయలో ఉన్నది
సగం పేరిన నెయ్యి!"
తగువు తేలేది కాదు. నీరు ఎక్కేసేది.
సరంగు కేకేస్తే సాహెబు గొడుగు దులుపుకుని పోయేవాడు,
ఇసకలో తల అక్కడే ఉండిపోయేది,
సాయంత్రం గేదెలు తొక్కేదాకా.

ఇద్దరిదీ తప్పేనంటారు. అయ్యుండొచ్చండి.
మీరు నీటిని ఫొటో తీశారు, వాళ్లకది లేదు.
కానీ మొన్న మీ నర్సమ్మ
మా ఆవిడ పేరేంటని అడిగితే
నాకు తెలీకుండానే తలెత్తాను.
పైన ఫ్యాను.
ఫ్యాను మీద బూజు.
ఆ పిల్ల వాచీ చూసుకుంది.

లాకు సంగతి ఆ పిల్లకేం తెలుసండి.
ఈవల మట్టం, ఆవల మట్టం ఒకటయ్యేదాకా
తలుపు లాగకూడదు.
లాగితే పడవా దక్కదు, లస్కరూ దక్కడు.

పేరు వచ్చిందండి, రాత్రెప్పుడో.
వరాలు.
అది మా ఆవిడ పేరో,
ఆ ధాన్యం పడవ పేరో,
అదే తేలడం లేదు.

కాసేపు ఆగండి.
ఎక్కుతోంది నీరు.