సందు కొలత

సోల్జర్‌పేటలో ఇది ఇంకా ఉంది.
వీధిలోంచి కనపడదు.
సైకిల్ షాపుకీ, మూతపడ్డ సోడా కొట్టుకీ మధ్య
గోడ ఊపిరి బిగబట్టిన చోట
సందు.
గొడుగు ముడిచి, పక్కకి తిరిగి రావాలి.

లోపల గచ్చు వాకిలి, చుట్టూ పది గదులు.
పదింటికీ ఒకటే కుళాయి.
దాని కింద రాయి
బిందెల అడుగులు రాసుకుని రాసుకుని
పళ్ళెంలా గుంటపడింది.

నిన్న ఒకాయన వచ్చాడు,
మెడలో కార్డు, చేతిలో టేపు.
సున్నం గోడని వేలితో గీకి
"నూట ముప్పై ఏళ్ళుంటాయండీ" అన్నాడు
నా వయసేదో నాకు చెబుతున్నంత మర్యాదగా.
దూలం చూసి, బర్మా టేకని మురిశాడు.
దానికి మా తమ్ముడి ఉయ్యాల మేకు ఇంకా ఉంది.
అది రాసుకోలేదు.

ఎవరెవరు ఉండేవారమ్మా అనడిగాడు.
మూడో గదిలో దాలయ్య, రేవులో కళాసీ.
మాంగనీసు బుట్టలు మోసి మోసి
అతను తుమ్మినా నల్లగానే ఉండేది.
ఆరో గదిలో మస్తానీబీ, చాటనిండా బీడీలు.
ఎనిమిదిలో ఎస్తేరమ్మ, పెద్దాసుపత్రి ఆయా.
రాత్రి డ్యూటీ దిగొచ్చి ఆవిడ పగలు పడుకుంటే
మేం పిల్లలందరం గుసగుసగా కొట్లాడుకునేవాళ్ళం.
ఇప్పటికీ నాకు
గట్టిగా కోప్పడటం రాదు.

చెప్పనిది ఒకటుంది.
దాలయ్య పోయిన రోజు
పాడె సందు మలుపు తిరగలేదు.
ఏటవాలుగా ఎత్తారు, దించారు,
వెనక్కి తెచ్చి కుళాయి పక్కన పెట్టారు.
వాన. కొబ్బరాకు తడుస్తోంది.
చివరికి అసిరమ్మత్త కొంగు దోపుకుని లేచింది.
"బస్తాలు మోసినోడే కదేటి,
బస్తాలాగే తియ్యండొరే."
కొడుకు వీపు మీద, గడ్డం వాడి భుజాన ఆన్చి,
చిన్నపిల్లాడు తీర్థానికి వెళ్తున్నట్టు
దాలయ్య వీధిలోకి వెళ్ళాడు.

ఆయన టేపు అక్కడే పరిచాడు,
సరిగ్గా ఆ మలుపులోనే.
రెండడుగుల పదకొండు అంగుళాలు.
"ఇలాంటివి ఊళ్ళో ఇంకెక్కడా మిగల్లేదండీ,
దీన్ని కాపాడుకోవాలి."

కాపాడండి నాయనా, కాదనను.
ఉప్పుగాలికి గోడ చెమర్చి
నా చీరలన్నీ ఒకవైపే వెలిసిపోయాయి,
అయినా కాదనను.
ముందు ఆ మూల పాయిఖానా తలుపుకి
ఒక గడియ పెట్టించండి.
నలభై ఏళ్ళుగా
లోపల మనిషున్నారని తెలియడానికి
దగ్గుతూ కూర్చుంటున్నాం.